తాళంచెవి ఎవరి దగ్గర?



పాస్టరు కుటుంబానికి సొంత ఇల్లు ఉండదు గాని సొంత సామాను ఉంటుంది. పెళ్లయిన ఈ పందొమ్మిది సంవత్సరాలలో మేము ఆరు ఊళ్లు మారాము. మొదటిసారి మా సామానంతా ఒక రిక్షాబండిలో పట్టింది. దాని పైన నా భార్య కూడా కూర్చున్నది. ఆరవసారి రెండు టాటా ఏస్ బండ్లు పిలిచినా రోలు, రెండు పుస్తకాల పెట్టెలు అరుగు మీద మిగిలిపోయాయి. బదిలీ వచ్చిన ప్రతిసారీ సగం సామాను తగ్గించుకోవాలని మేమిద్దరం తీర్మానం చేసుకుంటాము. ఆ తీర్మానం కూడా సామానుతో పాటే కొత్త ఊరికి వస్తుంది.

ఆ ఆరవ బదిలీ 2023 మే నెలలో, రాజోలు వైపు నుండి కొత్తపేట వైపునకు. మేము చేరవలసిన ఊరిలో పాస్టరుగారి ఇల్లు పాత పెంకుటిల్లు. సంఘమువారు మంచి మనసుతో పెంకులు దించి శ్లాబు వేయ తలపెట్టారు. గోడలు సగం లేచేసరికి చందాలు సగంలో ఆగాయి. అది మామూలే. ఇల్లు పూర్తయ్యేవరకు ఒక విశ్వాసి తన ఇంటి వెనుక వాటా ఇచ్చాడు. ఒక గది, వంటకు వరండా. నలుగురం పడుకుంటే గది నిండిపోయేది. ఇక బీరువా, రెండు మంచాలు, కుట్టుమిషను, హార్మోనియం, ఫ్రిజ్జు, ఇత్తడి సామాను, థియాలజీ చదివిన నాటి నుండి నేను మోస్తున్న నాలుగు పెట్టెల పుస్తకాలు ఎక్కడ పెట్టాలి?

సంఘ పెద్ద ఒకాయన వెంటనే దారి చూపించాడు. "మన మందిరం ఉండగా ఆలోచన దేనికండి అయ్యగారూ? సండేస్కూలు గది వారానికి ఒక్క పూటేగా వాడేది. ఆయ్, రెండు గంటల్లో సర్దించేస్తాను" అన్నాడు.

ఆయన ప్రేమతోనే అన్నాడు. కాని నెహెమ్యా గ్రంథము 13వ అధ్యాయము నాకు వెంటనే మనసులో మెదిలింది. యాజకుడైన ఎల్యాషీబు తనకు బంధుత్వమున్న టోబీయాకు దేవుని మందిరపు ఆవరణములో ఒక గొప్ప గది ఇచ్చాడు. అంతకుముందు ఆ గదిలో నైవేద్య పదార్థాలు, సాంబ్రాణి, ధాన్యపు దశమభాగాలు ఉండేవి. నెహెమ్యా బబులోను నుండి తిరిగి వచ్చి చూచి, టోబీయా ఇంటి సామానంతా బయట పారవేయించి గదులను శుభ్రం చేయించాడు. ఈ కథ నేనే పిల్లలకు రెండుసార్లు చెప్పాను, అదే సండేస్కూలు గదుల్లో! టోబీయా సామాను తీయించడానికి నెహెమ్యా వచ్చాడు. పాస్టరుగారి మంచం తీయించడానికి ఎవరు వస్తారు? నా మంచం ఆ గదిలోకి పోతే, మరుసటి నెల ఇంకొకరి బస్తాలు, ఆ మీదట ఎవరిదో పాత మోటారుసైకిలు. పిల్లలు చెట్టు కిందికి పోతారు.

వరద రోజుల సంగతి వేరు. 2022 జూలై 16న ధవళేశ్వరం బ్యారేజీ నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. అలాంటి సమయంలో లంకలలోని వారికి బడి అయినా మందిరం అయినా తలుపులు తీయవలసినదే. మేకను కట్టేసినా ఎవరూ కాదనరు. నీరు తీసిన తరువాత ఎవరి మూట వారు ఎత్తుకుపోతారు. పాస్టరు బీరువా అలా కదలదు.

రెండవ దారి మా బావమరిదిగారి ఇల్లు. ఆయన ఫోనులో "తెచ్చి పడేయండి బావగారూ" అన్నారు. ఈసారి వద్దన్నది నా భార్యే. "తమ్ముడు పెట్టుకోమంటాడండి. మరదలు కూడా కాదనదు. ఏడాది పాటు ఆ పిల్ల తన ఇంట్లో తాను పక్కకు తిరిగి నడవాలి. నాకు ఆ పాపం వద్దు" అన్నది.

ఇట్లుండగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా సంఘపు అబ్బాయి ఒకడు సెలవుకు వచ్చాడు. 2020లో లాక్‌డౌను వచ్చి ఇంటి దగ్గరి నుండే పని అన్నప్పుడు అతడు అద్దె ఫ్లాటు ఖాళీ చేసి ఊరికి వచ్చేశాడు. సామాను మాత్రం అక్కడే "స్టోరేజి"లో పెట్టాడు. కంపెనీ మనుషులు బండి వేసుకుని వస్తారట. ప్రతి వస్తువును చుట్టి, అంకె అంటించి, ఫోటో తీసి, ఊరి బయట గొడౌనులో అరల మీద ఉంచుతారట. చోటును బట్టి నెలకింత అని కట్టాలి. ఏ వస్తువైనా కావాలంటే ముందుగా కబురు చేయాలి. మరొక రకమూ ఉంది: మనకు ఒక చిన్న గది ఇస్తారు, తాళం మనదే, వారికి లోపలి సంగతితో పని లేదు. అమెరికాలో ఈ రెండో రకమే ఎక్కువ. అక్కడ ఈ వ్యాపారం ఇప్పటి రూపంలో 1960లలో టెక్సాస్ రాష్ట్రంలో మొదలైంది. అది చమురు బావుల ప్రాంతం. మనుషులు పని వెంబడి ఊళ్లు మారుతుండేవారు. ఇప్పుడు ఆ దేశంలో ఇటువంటి చోట్లు యాభై వేలకు పైగా ఉన్నాయి.

విన్నప్పుడు నాకిది వింతగా తోచలేదు. మన కోనసీమలో సామాను దాచడమన్నది ఎప్పటి నుండో ఉన్న విద్య. ధాన్యానికి గాదె, వరదకు అటక. కురిడీ సంగతి తెలియనివారు మన పాఠకులలో ఉండరు. దింపు తీసిన ముదురు కాయను ఎత్తయిన అటక మీద గాలి తగిలేలా పేర్చి ఎనిమిది నెలలు, ఏడాది కదపకుండా ఉంచితే లోపల నీరు ఇంకి గుండు కొబ్బరి తయారవుతుంది. కాయను ఏడాది దాచగలిగినవారికి మంచాన్ని దాచడం ఎంతపని?

అంబాజీపేట పోయే రోడ్డులో ఒక కొబ్బరి వర్తకుడిగారి పాత గొడౌను ఉన్నదని ఎవరో చెప్పారు. వ్యాపారం తగ్గించుకుని, దానిని అడ్డగోడలతో ఆరు గదులు చేసి అద్దెకిస్తున్నారు. కురిడీ కోసం కట్టినది కనుక నేల ఎత్తుగా ఉంది, గోడలలో పైన గాలి కన్నాలు ఉన్నాయి. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గదికి నెలకు 900 రూపాయలు. ఒక గదిలో షామియానాల వ్యాపారి కుర్చీలు, ఒక దానిలో మందుల షాపువారి అట్టపెట్టెలు, మిగిలిన వాటిలో ఊరు విడిచి వెళ్లినవారి ఇంటి సామాను. "నీరు వస్తుందాండి?" అని అడిగాను. "ఏటిగట్టు తెగితే తప్ప గోదారి రాదండి. మురుగుకాలువ పొంగితే మెట్టు దాకా వస్తుంది" అన్నారాయన. అసలు రాదు అని ఉంటే నేను ఆ గది తీసుకునేవాడిని కాను.

సామాను చూపించబోతే ఆయన చేయి అడ్డం పెట్టారు. "లోపల ఏముందో నాకు చెప్పొద్దండి. గ్యాసు బండ, కిరసనాయిలు, ధాన్యం పెట్టకండి, అంతే. తాళం మీదే తెచ్చుకోండి. నాకు చెబితే నేను కాపలాదారుణ్ణి అవుతాను. చెప్పకపోతే అద్దెకిచ్చినవాణ్ణి."

ఆ మాట వినగానే నాకు ఒక పాత తగవు జ్ఞాపకం వచ్చింది. పేరు, ఊరు చెప్పను. నేను మరొకచోట సేవలో ఉండగా ఒక సహోదరి గల్ఫుకు వెళుతూ తన ఇంటి సామానంతా స్వంత అన్నగారి ఇంట్లో పెట్టింది. ఐదేళ్లు గడిచాయి. ఈలోగా అన్నగారి అమ్మాయికి పెళ్లి కుదిరింది. చెల్లెలి బీరువాకు రంగు వేయించి పెళ్లికూతురితో పంపారు. ఫ్రిజ్జు వాడుకలోకి వచ్చి పాడైపోయింది. మంచం ఉంది గాని దాని మీద ముసలి అత్తగారు పడుకుంటున్నారు. సహోదరి తిరిగి వచ్చి తన సామాను అడిగింది. ఇద్దరూ కలిసి నా దగ్గరకు వచ్చారు.

"నీ సామానుకు ఐదేళ్లు చోటిచ్చాను. పెంకు నేయించినప్పుడల్లా బయటకు మోసి లోపలికి మోశాను. ఒక్క రూపాయి అడిగానా చెల్లెమ్మా?" అన్నాడాయన.

"నేనడిగింది రూపాయలు కాదన్నయ్యా. నా మంచం" అన్నదామె.

నిర్గమకాండము 22వ అధ్యాయములో సరిగ్గా ఈ సంగతే ఉన్నది. పొరుగువాని యింట దాచుకొనుటకు ఇచ్చిన వస్తువు పోతే ఏమి చేయాలి? దొంగ దొరికితే వాడు రెండంతలు ఇచ్చుకోవాలి. దొరకకపోతే, ఇంటి యజమానుడు పొరుగువాని వస్తువు మీద చేయి వేశాడో లేదో దేవుని యెదుట తేలాలి. వేల ఏళ్ల నాడే ఇది చట్టంలోకి ఎక్కవలసి వచ్చిందంటే, ఆ రోజుల్లోనూ అన్నాచెల్లెళ్లు ఇలాగే నిలబడి ఉంటారు.

ఆ తగవు విషయమై అమలాపురం కోర్టులో పనిచేసే ఒక విశ్వాసిని అడిగాను. మన దేశపు కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. తన వస్తువును మరొకరి చేతికి దాచమని అప్పగించడం దానిలో 148వ సెక్షను. దాచినవాడు బుద్ధిమంతుడు తన స్వంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని 151 చెబుతుంది. ఒప్పుకోని విధంగా వాడి పాడుచేస్తే నష్టం ఇచ్చుకోవాలని 154. ఉచితంగా దాచినవానికి అయిన అవసరమైన ఖర్చులను సామాను యజమాని తిరిగి ఇవ్వాలని 158. అంటే చట్టం ప్రకారం చెల్లెలికి కొంత రావాలి, అన్నకూ కొంత రావచ్చు. ఇద్దరూ న్యాయంగానే మాట్లాడుతున్నారు. కాని ఏ వస్తువు ఏ స్థితిలో పెట్టారో రాసిన కాగితం ముక్క లేదు. సాక్షులు ఇద్దరూ ఒకే ఇంటివారు. బీరువాకు ఆ ఐదేళ్లలో ఏమి విలువ కట్టాలి? అత్తగారిని మంచం మీద నుండి లేపాలా?

బీరువాకు డబ్బు కట్టించాను. మంచం ఆమె తీసుకోలేదు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఆ మందిరానికే ఆరాధనకు వస్తారు. క్రిస్మస్ రోజున కూడా మాట్లాడుకోవడం నేను చూడలేదు.

ఇటువంటివి ఒకటి కాదు, మూడు నాలుగు చూశాను. అందుకే చుట్టాల ఇంట్లో ఉచితంగా పెట్టిన సామానుకు అద్దె లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉంటుంది. అది నెలనెలా కాక ఒక్కసారే వసూలవుతుంది. గొడౌను యజమానిగారికి నెలకు 900 ఇస్తే ఆయన మీద నాకు కోపం రాదు, నా మీద ఆయనకు విసుగు రాదు. మా మరదలు పక్కకు తిరిగి నడవనక్కరలేదు. తాళంచెవి నా జేబులో ఉన్నంతకాలం అది గది అద్దె. సామాను మరొకరి చేతిలో పెట్టిన క్షణాన అది నమ్మకం. నమ్మకానికి కాగితం అడగడం మన ఇళ్లలో అవమానం. గది అద్దెకు కాగితం రాసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. మేము పదకొండు నెలలకు రాసుకున్నాము. చాలామంది అలాగే రాస్తారు. తరువాత మళ్లీ రాసుకున్నాము.

సామాను సర్దడంలో నా భార్య నాకంటే తెలివైనది కనుక ఆమె చేసినది రాస్తాను. బీరువా, మంచాల కోళ్లు ఇటుకల మీద నిలబెట్టించింది. ఏ వస్తువూ గోడకు ఆనించలేదు, జానెడు సందు విడిచింది. మన కోనసీమ గాలిలో తడి ఎక్కువ. ప్లాస్టిక్ కాగితం బిగించి చుడితే లోపల చెమర్చి బూజు పడుతుంది. అందుకని పాత నూలు చీరలు కప్పింది. ఫ్రిజ్జు తుడిచి ఆరబెట్టి, తలుపు మూసుకోకుండా చిన్న చెక్క ముక్క పెట్టింది. దూదిపరుపులు మాత్రం దాచలేదు, ఎలుకలు కాపురం పెడతాయని ఇద్దరు పిల్లల తల్లికి ఇచ్చేసింది. నా పుస్తకాలు అట్టపెట్టెల్లో పెడతానంటే ఒప్పుకోలేదు. అట్ట చెదలకు విందు. పాత ట్రంకుపెట్టెలు కొని, ఎండిన వేపాకు, కలరా ఉండలు వేసి మూసింది. సర్టిఫికెట్లు, పొలం పాసుపుస్తకం ఉన్నవారికి అది, బంగారం ఇటువంటివి ఆ గదిలో పెట్టకూడదు. అవి మనతోనే ఉండాలి. నెలకొకసారి ఎండ కాసే రోజు చూసి వెళ్లి తలుపు తీసి రెండు గంటలు గాలి తగలనివ్వాలి.

ఆ నెలనెలా వెళ్లడంలో ఇంకొక లాభం కనిపించింది. రెండవ నెల నుంచే మేము సామానును అద్దె కట్టేవారి కళ్లతో చూడసాగాము. కుట్టుమిషను అద్దెకు తగినదే. హార్మోనియమూ అంతే. విరిగిన ఉయ్యాల బల్ల దేనికి? పిల్లలు ఇంటరు చదువుతున్నారు. ఒకరోజు నేను లెక్క కట్టి, గది అద్దెలో ఎవరి వస్తువులు ఎంత చోటు తింటున్నాయో చెప్పబోయాను. "మీ పుస్తకాలకేనండీ అద్దె. నా రోలు వానలో ఉన్నా దానికేమీ కాదు" అన్నది. నిజమే. పౌలు అంతటివాడు త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని, పుస్తకాలను తెప్పించమని తిమోతికి రాశాడు గదా అని నేను సమాధానపడ్డాను. దానికామె "ఆయన నాలుగు పెట్టెలు పెట్టలేదు లెండి" అన్నది.

మా ఇల్లు 2024 జూలైలో పూర్తయింది. పద్నాలుగు నెలలకు 12,600 రూపాయలు కట్టాము. ఆ గదిలోని వస్తువులను కొత్తగా కొనాలంటే ఈ సొమ్ముకు ఐదారు రెట్లు అవుతుంది కనుక మాకు లాభమే. అదే గది ఐదేళ్లు ఉంచుకొని ఉంటే? 54,000. అప్పుడు ఆ లాభంలో చాలా భాగం పోయేది. అమెరికాలో ఎందరో ఏళ్ల తరబడి అద్దె కడుతూ లోపల ఏముందో మరచిపోతారట. అద్దె ఆపేస్తే, నోటీసు ఇచ్చి సామాను వేలం వేస్తారు. ఆ వేలాల మీద 2010 నుండి ఒక టీవీ కార్యక్రమమే నడిచింది. మన దగ్గర వేలం వేయరు. అలిగి కూర్చుంటారు.

కాబట్టి ఎవరైనా నన్నడిగితే చెప్పేది ఇది. ఇల్లు కట్టుకుంటున్నారా, బదిలీ మీద ఉన్నారా, ఎప్పటికి గది ఖాళీ చేస్తారో తేదీ చెప్పగలరా? అయితే తీసుకోండి. తేదీ చెప్పలేకపోతే ముందు సామాను తగ్గించండి. ఇచ్చేయదగినవి ఇచ్చేయండి. మిగిలినదానికి గది చూడండి.

తేదీ చెప్పలేనివారు మన మధ్య చాలామంది ఉన్నారు. మన కోనసీమ నుండి కువైట్, ఖతర్, మస్కట్ వెళ్లిన సహోదరీలు రెండేళ్లని వెళ్లి ఎనిమిదేళ్లు ఉంటారు. పిల్లలు హాస్టల్లో, లేక అమ్మమ్మ దగ్గర. ఇక్కడి అద్దె ఇల్లు ఖాళీ చేస్తారు. సామాను మాత్రం అమ్మరు. ఎందుకని అమ్మరో నాకు చిన్నప్పుడే తెలిసింది. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు, జోర్డాను దేశపు అమ్మాను పట్టణం మీదుగా సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాలలో తీసుకొచ్చారు. నాకప్పుడు పదేళ్లు. మా వీధికి ఒకామె చేతిసంచితో దిగింది. అక్కడ సంపాదించినది అక్కడే పోయింది. ఆమెకు ఈ భూమి మీద మిగిలినది, వెళ్లేముందు పినత్తగారి ఇంట అటక మీద పెట్టిన ఒక ఇనపపెట్టె, రెండు కాగులు, ఒక నవారు మంచం. వాటితోనే మళ్లీ కాపురం మొదలుపెట్టింది. పరదేశంలో ఉన్నవారికి ఇక్కడి మంచం మంచం మాత్రమే కాదు. తిరిగి రావడానికి ఒక చోటు ఉన్నదని చెప్పే వస్తువు. అటువంటి వారికి "సామాను అమ్మేసుకో అమ్మా" అని లెక్కలు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. గొడౌనులో మా పక్క గది కువైట్‌లో ఉన్న ఒక సహోదరిది. ఆమె భర్త లేడు. తాళంచెవులు రెండు: ఒకటి ఆమెతో కువైట్ వెళ్లింది, ఒకటి ఊరిలో ఉన్న పిన్ని దగ్గర ఉంది. 2023 జూలై చివర గోదావరి మళ్లీ పెరిగింది, వానలు విడవలేదు. మేము మా గది చూడబోతున్నామని ఎవరి ద్వారానో తెలిసి ఆమె నా భార్యకు ఫోను చేసింది. "అమ్మగారూ, నా గదిలోకి నీరు వచ్చిందేమో కాస్త చూడండమ్మా." పిన్నిగారు అప్పటికి వారం క్రితమే కాకినాడలో కూతురింటికి వెళ్లారు, తాళంచెవి కొంగుకు కట్టుకుని. మురుగునీరు మెట్టు దాకా వచ్చి ఆగింది. లోపలి సంగతి తెలియదు. గాలి కన్నాలు మనిషికి అందవు. తాళం పగలగొడదామా అంటే యజమానిగారు ఒప్పుకోలేదు. "రేపు చెంచా పోయినా నా మీదకే వస్తుందండి" అన్నారు. ఆయన మాట నాకు సబబుగానే తోచింది.

పిన్నిగారు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులు ఆ సహోదరి పని ముగించుకుని, అక్కడ రాత్రి అయిన తరువాత ఫోను చేస్తూనే ఉంది. రెండవ రాత్రి మా ఆవిడ, "లోపల ఏమేమి ఉన్నాయో చెప్పమ్మా, రాసి ఉంచుతాను. తలుపు తీసినప్పుడు సరిచూస్తాము" అన్నది. అప్పటిదాకా ఆ గదికి పట్టీ లేదు. ఆమె కువైట్‌లో వంటగదిలో కూర్చుని, చూడకుండా, తలుపు దగ్గరి నుండి మొదలుపెట్టి గోడ వెంబడి చెప్పుకుంటూ పోయింది. మూత లేని పాలగిన్నె, మూడవ కోడుకు మేకు కొట్టిన మంచం, పిల్లవాడి పుస్తకాల సంచి. ముప్పై ఒకటి అయ్యాయి.

ఆ రాత్రే ఆమె నన్నడిగింది, పిన్ని దగ్గరి తాళంచెవి నన్ను ఉంచుకోమని. నేను ఉంచుకోనన్నాను. పాస్టరు ఎప్పుడు బదిలీ అవుతాడో తెలియదు. ఒక వస్తువు కనిపించకపోతే పోయేది వస్తువు ఒక్కటే కాదు, పరిచర్య పేరు కూడా. "తాళంచెవి పిన్ని దగ్గరే ఉండనీ అమ్మా. కాకినాడ వెళ్లేటప్పుడు ఇచ్చి వెళ్లడానికి ఇంకొక మనిషిని చూడు. పట్టీ మాత్రం తాళంచెవి ఉన్నవారి దగ్గర ఉండకూడదు. అది నీ దగ్గరొకటి, మా ఇంట ఒకటి ఉంటుంది" అని చెప్పాను.

మూడవ నాడు పిన్నిగారు బస్సు దిగి తిన్నగా గొడౌనుకే వచ్చారు. యజమానిగారిని కూడా పిలిచి తలుపు తీయించాము. నీరు రాలేదు. ఒక అట్టపెట్టెకు చెద పట్టి రెండు చీరలు పోయాయి. మా ఆవిడ పట్టీ చదువుతుంటే పిన్నిగారు ఒక్కొక్క వస్తువు మీద చేయి వేసి "ఉంది" అంటూ వచ్చారు. ఇరవై ఏడవది ఇత్తడి చెంబు. పిన్నిగారు అటూ ఇటూ చూసి, కాసేపు ఆగి, "అది మా ఇంట్లో ఉందమ్మా. నేనే వాడుకుంటున్నాను. అలాగే రాయండి" అన్నారు.

అలాగే రాశాము. ఫోటో తీసి ఆ సాయంకాలమే కువైట్‌కు పంపాము.